ఉప్పు వ్యాపారం మీద తీసిన కాంటనీస్ సీరియల్‌ను అర్థం చేసుకుంటూ చూడటం ఎలా?

హాంగ్‌కాంగ్ టీవీ సంస్థ టీవీబీ 2009లో, అక్కడి భాష కాంటనీస్‌లో, ‘స్వీట్‌నెస్ ఇన్ ద సాల్ట్’ అనే సీరియల్ ప్రసారం చేసింది. స్టీవెన్ మా, తావియా యూంగ్ నాయకా నాయికలు. పాతకాలపు వేషధారణ, ఒక ప్రేమకథ, దాని వెనకాల ఉప్పు వ్యాపారం. ఇలాంటి సీరియల్ మొదలుపెట్టిన మనవాళ్లలో చాలామందికి రెండు ఎపిసోడ్లు గడిచేసరికి ఒకటే సందేహం వస్తుంది: ఉప్పు కోసం ఇంత గొడవా? ఇన్ని హత్యలా? జవాబు దొరక్క అక్కడే వదిలేస్తారు. ప్రేమకథ ముడి కూడా ఆ ఉప్పులోనే ఉంటుంది కాబట్టి, కాస్త సిద్ధపడి కూర్చుంటే ఈ కథల రుచే వేరు.

1. ముందు ఏ కాలమో తేల్చుకోండి

మగవాళ్ల తలలు చూడండి. ముందు భాగం గొరిగించుకుని వెనక పొడవాటి జడ వేసుకుంటే అది చింగ్ వంశపు కాలం, అంటే 1644 తర్వాతి కథ. ఆ జడను చట్టంగా రుద్దింది 1645లో. జుట్టంతా పైకి ముడి వేసుకుంటే అంతకు ముందు కాలం అనుకోవచ్చు.

కాలం ఎందుకు తెలియాలంటే, వంశం మారినప్పుడల్లా ఉప్పు నియమాలూ మారాయి. చైనాలో ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం క్రీ.పూ. 119 నాటికే వచ్చేసింది. థాంగ్ వంశపు ప్రభుత్వం 758లో ఒక కొలత ఉప్పు ధరను 10 నాణేల నుంచి ఒక్కసారిగా 110 నాణేలకు పెంచింది. ఉప్పు లేకుండా ఎవరికీ పూట గడవదు కాబట్టి పేదవాడైనా ఆ ధర కట్టాల్సిందే. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం గురించి విని పెరిగిన మనకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ధర పెరిగితే దొంగ ఉప్పు పుడుతుంది. 881లో రాజధాని చాంగాన్‌ను పట్టుకుని థాంగ్ సింహాసనాన్ని కుదిపేసిన హువాంగ్ చావో కూడా ఒకప్పుడు దొంగ ఉప్పు అమ్మినవాడే. సీరియల్లో హీరో ఉప్పు దొంగలతో తిరుగుతున్నాడంటే అది రచయితలు గాల్లోంచి తెచ్చిన కల్పన కాదు.

2. యాంగ్‌జౌ ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి

చింగ్ కాలపు ఉప్పు కథలకు పుట్టిల్లు లాంటి ఊరు యాంగ్‌జౌ. చైనా ఉత్తర దక్షిణాలను కలిపే మహాకాలువ యాంగ్‌ట్సీ నదిని కలిసే చోటుకు దగ్గర్లో ఉంటుంది. తూర్పున సముద్ర తీరంలో తరతరాలుగా అదే పనికి కట్టుబడిన కుటుంబాలు ఉప్పు తీసేవి. ఆ ఉప్పు కాలువల మీదుగా యాంగ్‌జౌ వైపు వచ్చి, అక్కడి నుంచి నది మీద ఎగువకు, జియాంగ్‌షీ, హుబేయ్, హునాన్ దాకా పోయేది. ఈ దారిని ఒక కాగితం మీద గీసి పక్కన పెట్టుకోండి. పడవ ఏ రేవులో ఆగింది, ఎవరు తనిఖీ చేశారు అన్న సన్నివేశాలు అప్పుడు గందరగోళపెట్టవు.

3. లైసెన్స్ కాగితం ఎవరి పేరున ఉందో కనిపెట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఉప్పు అమ్మాలంటే సర్కారు ఇచ్చిన ‘యిన్’ అనే లైసెన్స్ కావాలి. మింగ్ వంశం చివర్లో, 1617లో, ఈ హక్కును కొన్ని వ్యాపార కుటుంబాలకు వంశపారంపర్యం చేశారు. మద్యం షాపు లైసెన్స్‌ను ఒక ఇంటికి తరతరాలకూ రాసిచ్చినట్టన్న మాట. తర్వాత వచ్చిన చింగ్ పాలకులూ అదే పద్ధతి కొనసాగించారు.

పైగా ఏ ఉప్పును ఏ ప్రాంతంలో అమ్మాలో కూడా నిర్ణయించేవారు. పన్ను కట్టిన ఉప్పయినా సరే, హద్దు దాటితే అది దొంగ ఉప్పే. హద్దుకు ఇవతల ఒక ధర, అవతల ఇంకో ధర ఉన్నప్పుడు రాత్రిపూట పడవలు కదలకుండా ఉంటాయా? లైసెన్స్ ఉన్న పెద్దమనుషులు కూడా తమ పడవల్లో లెక్కకు మించి ఉప్పు వేసి పంపేవాళ్లు. అందుకే ఈ కథల్లో ‘దొంగ’, ‘దొర’ అనే గీత మాటిమాటికీ చెరిగిపోతుంది. నాకు ఈ కథల్లో బాగా నచ్చేది అదే.

ఇప్పుడు ప్రేమ దగ్గరకు రండి. హక్కు వంశంలో నడుస్తుంది కాబట్టి పెళ్లి అంటే రెండు వ్యాపారాలు కలవడం. కోడలిగా ఎవరు వస్తారు, కొడుకు లేకపోతే ఆస్తి ఎవరి చేతికి పోతుంది అన్నవి డబ్బు లెక్కలే. తండ్రి కూతురి ప్రేమకు అడ్డుపడితే అతన్ని రాతిగుండెవాడని తిట్టుకునే ముందు, ఆ ఇంటి లైసెన్స్ సంగతి గుర్తు తెచ్చుకోండి. అతని భయం ఏమిటో అర్థమవుతుంది. ప్రేమికుల తెగువ విలువ కూడా అప్పుడే తెలుస్తుంది.

4. అధికారి గడప తొక్కే ప్రతి సన్నివేశాన్నీ జాగ్రత్తగా చూడండి

యాంగ్‌జౌలో ఉప్పు వ్యవహారాలు చూడటానికి చక్రవర్తి నేరుగా అధికారిని పంపేవాడు. అతనికీ వ్యాపారులకూ మధ్య నడిచే విందులు, కానుకలే ఈ సీరియళ్లలో సగం కథ. చియాన్‌లోంగ్ చక్రవర్తి 1751 నుంచి 1784 దాకా ఆరుసార్లు దక్షిణాది పర్యటనకు వచ్చాడు. ఆ స్వాగతాల కోసం ఉప్పు వ్యాపారులు వెండిని నీళ్లలా ఖర్చుపెట్టారు. యాంగ్‌జౌ సరస్సు దగ్గర తెల్ల గోపురం లేదని చక్రవర్తి అన్నాడనీ, తెల్లారేసరికి ఉప్పుతోనే ఒకటి నిలబెట్టారనీ అక్కడ ఇప్పటికీ కథ చెప్పుకుంటారు.

1768లో జరిగింది మాత్రం కథ కాదు. లైసెన్సుల మీద అదనంగా వసూలు చేసిన సొమ్ము ఏళ్ల తరబడి లెక్కల్లో చూపలేదని బయటపడింది. మొత్తం కోటి లియాంగ్‌ల వెండికి పైమాటే, ఒక్కో లియాంగ్ సుమారు 37 గ్రాములు. గతంలో అక్కడ ఉప్పు అధికారిగా చేసిన లు జియాన్‌జెంగ్ జైల్లోనే చనిపోయాడు. అతని మనవడికి పిల్లనిచ్చినవాడు జి యున్ అనే గొప్ప పండితుడు. దర్యాప్తు సంగతి వియ్యాలవారికి ముందే చేరవేశాడని ఆయన్ను ఉరుమ్‌చికి ప్రవాసం పంపారు. ఉత్తరం రాయకుండా కవరులో కాస్త ఉప్పు, కాస్త టీ ఆకు పెట్టి పంపాడని జనం చెప్పుకుంటారు. ఒక పెళ్లి సంబంధం పండితుణ్ణి దేశం చివరకు తరిమింది. సీరియల్లో వియ్యపురాళ్ల గుసగుసలు వింటున్నప్పుడు ఈ ఉదంతం మనసులో ఉంచుకోండి.

5. కాంటనీస్ ఆడియోతోనే చూడండి

చైనా అధికార భాష మాండరిన్‌లో డబ్బింగ్ సులువుగా దొరుకుతుంది కానీ, నటుల అసలు గొంతులు అందులో వినిపించవు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని కాంటనీస్‌లో వినండి. ఒక చిక్కుంది: ఒకే పాత్ర పేరు ఒకచోట కాంటనీస్ ఉచ్చారణతో, ఇంకోచోట మాండరిన్ ఉచ్చారణతో రాస్తారు. మొదటి ఎపిసోడ్‌లోనే పేర్లు, ఎవరు ఏ ఇంటివారు అన్నది ఒకచోట రాసుకుంటే సరిపోతుంది. టీవీబీ చారిత్రక సీరియళ్లు ఎక్కువగా సెట్లలోనే తీస్తారు. భారీ యుద్ధాల కోసం ఎదురుచూడకండి, బలమంతా మాటల్లో ఉంటుంది.

6. చూశాక ఇంకొంచెం చదవండి

1830ల మొదట్లో తావో షు అనే అధికారి హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతంలో వంశపారంపర్య హక్కును తీసేసి, పన్ను కట్టిన ఎవరికైనా ఉప్పు చీటీ దొరికే పద్ధతి తెచ్చాడు. దాంతో పెద్ద పెద్ద ఉప్పు కుటుంబాల రోజులు దగ్గరపడ్డాయి. అంతకు ముందే, 1818లో, హువాంగ్ జియున్ అనే ఉప్పు వ్యాపారి యాంగ్‌జౌలో కట్టించుకున్న గెయువాన్ తోట ఇప్పటికీ సందర్శకులకు తెరిచే ఉంది. వెదురు పొదలు, నాలుగు రుతువులను తలపించేలా పేర్చిన రాళ్లు ఆ తోట ప్రత్యేకత. ఫొటోలు వెతికి చూడండి, సీరియల్లో సెట్లు వేసినవాళ్లు ఎలాంటి ఇళ్లను మనసులో పెట్టుకున్నారో తెలుస్తుంది.