‘టెరిటరీ ఆఫ్ లైట్’ నవలికను నలుగురూ కలిసి చదివే పద్ధతి

యూకో త్సుషిమా రాసిన ఈ జపాన్ నవలికను శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో నలుగురు కూర్చుని చదవదలిస్తే, ముందుగా నిర్ణయించుకోవలసింది వేగం. 1978, 1979 సంవత్సరాలలో ఒక సాహిత్య మాసపత్రికలో పన్నెండు భాగాలుగా వెలువడిన ఈ రచనలో కథాకాలమూ ఒక ఏడాదే కనుక, నెలకొక అధ్యాయం చదవడం మేలు. ఒక్క ఆదివారంలో ముగించదగినంత చిన్న పుస్తకమే గాని, అలా చదివినవారికి ఇందులో ఏమీ జరగలేదనిపిస్తుంది. జెరాల్డిన్ హార్కోర్ట్ ఇంగ్లీషు అనువాదం ఉంది. ఆ భాష బాగా వచ్చినవారొకరు అధ్యాయాన్ని తెలుగులో చెప్పి, ఒకటి రెండు పేజీలు తెనిగించి వినిపిస్తే చాలు.

మొదటి నెల ఇంటి గురించే మాట్లాడండి. భర్త నుంచి విడిపోయిన యువతి, మూడేళ్లు నిండని కూతురితో టోక్యోలో ఒక పాత భవనం పై అంతస్తుకు చేరుతుంది. నలువైపులా కిటికీలు, గది నిండా వెలుతురు. ఆ భవనం పేరేమో భర్త ఇంటిపేరే. ఇక్కడ తొందరపడకండి.

అసలు చిక్కు తరువాతి నెలల్లో వస్తుంది. ఆ తల్లి పొద్దెక్కేదాకా నిద్రపోతుంది, తాగుతుంది, పాప మీద విసుక్కుంటుంది. “కన్నోరింటికి ఎల్లిపోవచ్చు గదేటి?” అని ఎవరో ఒకరు అనక మానరు. చర్చ నడిపేవారు ఆ మాటను అణచకుండా, ఆ పూట ఆమె ఎందుకంత అలసిపోయిందో, పాపను చూసుకునే మనిషి ఇంకెవరున్నారో పేజీలో చూపించమని అడగాలి. పాప కిటికీలోంచి పక్కింటి కప్పు మీదికి రంగు కాగితాలు వదిలే ఘట్టాన్ని ఒకసారి పొరుగువారి వైపు నుంచి, మరొకసారి పాప వైపు నుంచి చదివించండి. మగవారు చెన్నైకో హైదరాబాదుకో వలసపోగా ఇంటిని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న ఉద్దానం స్త్రీలను తప్పక పిలవండి. వారిది విడాకుల కథ కాకపోయినా, జ్వరం వచ్చిన బిడ్డతో గడిపే రాత్రి ఎలా ఉంటుందో వారికి ఎవరూ వివరించనక్కరలేదు. అయితే ఎవరినీ సొంత కథ చెప్పమని అడగవద్దు. భర్తతో విడిపోయిన మనిషి ఆ గదిలోనే ఉండవచ్చు, ఊరు చిన్నది.

ఆ కాలపు జపాన్ చట్టంలో విడాకుల తరువాత బిడ్డపై హక్కు తల్లిదండ్రులలో ఒక్కరికే దక్కేదన్న సంగతి ముందే చెప్పాలి. రచయిత్రి జీవితాన్ని మాత్రం చివరి నెలకు దాచండి. ప్రసిద్ధ రచయిత ఒసాము దజాయి కూతురు ఆమె; 1947లో పుట్టిన ఆమెకు ఏడాది వయసులోనే, 1948లో, తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ వివరం మొదటే తెలిస్తే శ్రోతలు పాత్రను వదిలి రచయిత్రి కోసమే వెతుకుతారు.