స్నోబోర్డ్ బైండింగ్‌లో బూట్ కుదరడం లేదా? స్ట్రాప్ బిగించే ముందు ఇది చూడండి

మలుపు తిప్పేటప్పుడు మడమ పైకి లేస్తోందనిపించగానే చాలామంది యాంకిల్ స్ట్రాప్‌ను (చీలమండ దగ్గర బూట్ మీదుగా వచ్చే పట్టీని) ఇంకో రెండు పళ్ళు బిగిస్తారు. నేనూ ఒక సీజన్ అంతా అదే చేశాను. పాదం తిమ్మిరెక్కి మధ్యాహ్నానికే ఆపేయాల్సి వచ్చేది, మడమ మాత్రం లేస్తూనే ఉండేది. తప్పు స్ట్రాప్‌ది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: కదులుతున్నది బూట్ లోపల కాలా, బైండింగ్‌లో (బూట్‌ను బోర్డ్‌కు పట్టి ఉంచే అమరికలో) బూటా? ఇది ఇంట్లోనే తెలుస్తుంది. బూట్ వేసుకుని, మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనక్కి జరిపాక లేసులు కట్టండి. బోర్డ్ ఎక్కి స్ట్రాప్‌లు పెట్టుకుని, మోకాళ్ళు వంచి మునివేళ్ళ మీద బరువు వేయండి. పక్కన ఒకరిని కూర్చుని చూడమనండి.

బూట్ కదలదు, లోపల మడమ లేస్తుంది

ఇది బూట్ సమస్య. బైండింగ్‌ను ఎంత సర్దినా లాభం లేదు. సాక్సులు రెండు జతలు వేసుకుంటుంటే ఒక్క పల్చటి జతకు మారండి. లైనర్‌కు (బూట్ లోపలి మెత్తటి తొడుగుకు) ఉండే లోపలి లేసును గట్టిగా లాగారో లేదో చూడండి, హడావిడిలో మరిచిపోయేది అదే. నిటారుగా నిలబడితే వేళ్ళు బూట్ ముందు భాగానికి తేలిగ్గా తగలాలి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి రావాలి. నిలబడినప్పుడే ముందు ఖాళీ ఉంటే సైజు పెద్దది.

సైజు సరిగ్గానే ఉండి, బూట్ పాతదైతే లైనర్ బయటికి తీసి చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కండి. కొత్త లైనర్‌లో ఫోమ్ నిండుగా ఉంటుంది. వాడిన దాంట్లో అణిగిపోయి, ఎముక చుట్టూ గుంట మిగులుతుంది. ఆ గుంటను నింపడానికి 'జె' ఆకారంలో ఫోమ్ ముక్కలు దొరుకుతాయి. వాటిని లైనర్ బయటి వైపు, చీలమండ ఎముకకు వెనకా కిందా వచ్చేలా అంటించాలి. ఎముక మీదికి వస్తే నొప్పి పెడుతుంది.

బూట్ మొత్తం కదులుతుంది

ముందు టో స్ట్రాప్ చూడండి. ఇప్పటి స్ట్రాప్‌లు చాలావరకు బూట్ కొనకు టోపీలా తొడిగి, బూట్‌ను వెనక్కి, హీల్ కప్‌లోకి (బైండింగ్‌లో మడమ కూర్చునే వంపులోకి) నెట్టేలా చేసినవి. అది పైకి జారితే ఆ పట్టు పోతుంది. యాంకిల్ స్ట్రాప్ మెత్తటి భాగం పాదం పైన సరిగ్గా మధ్యకు రావాలి. ఒక పక్కకు లాగినట్టుంటే స్ట్రాప్ పొడవు మార్చండి. తిమ్మిరికి కూడా తరచూ కారణం ఇదే, అంచు ఒకే చోట నొక్కుతుంది.

స్ట్రాప్‌లు సరిగ్గా ఉన్నా కదులుతుంటే బైండింగ్ సైజు పెద్దదేమో తయారీదారు ఇచ్చిన పట్టికలో చూడండి. బూట్ ముందూ వెనకా బోర్డ్ అంచు దాటి దాదాపు సమానంగా రావాలి. రాకపోతే హీల్ కప్‌నో, బైండింగ్‌ను బోర్డ్‌కు బిగించే డిస్క్‌నో జరపండి. బూట్ కింద గట్టిపడిన మంచు కూడా మడమను లేపుతుంది, కాలు పెట్టే ముందు గీకేయండి.

మడమ వైపు మలుపుకు బోర్డ్ ఆలస్యంగా స్పందిస్తుంది

హైబ్యాక్‌కూ (బైండింగ్ వెనక నిలువుగా ఉండే పలకకూ) బూట్‌కూ మధ్య ఖాళీ ఉంటుంది. మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడి, హైబ్యాక్ బూట్‌కు ఆనేదాకా ఫార్వర్డ్ లీన్ (హైబ్యాక్ ముందుకు వంగే కోణం) ఒక్కో మెట్టు పెంచండి. పిక్క నొప్పి పుడితే ఒక మెట్టు తగ్గించండి. హైబ్యాక్‌ను తిప్పే వీలుంటే బోర్డ్ మడమ వైపు అంచుకు సమాంతరంగా పెట్టండి.

ఉదయం బాగుంటుంది, తర్వాత వదులవుతుంది

డిస్క్ స్క్రూలు మొదటి గంట తర్వాత ఒకసారి చూడండి. 3వ నంబర్ ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాడండి, చిన్నదైతే తల అరిగిపోతుంది. స్ట్రాప్ పట్టీ పళ్ళు అరిగి రాచెట్ (పట్టీని బిగించే బకిల్) జారుతుంటే పట్టీ మార్చాల్సిందే.

ఏది మార్చినా ముందు పాత స్థానాన్ని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఒకసారి ఒక్కటే మార్చి, కొండ మీద ఒక రన్ చేశాక ఇంకోదాని జోలికి వెళ్ళండి.