ఉద్దానంలో తీసినా నెల్లిమర్లలో తీసినా ఒకే ఈఈజీ: నాలుగు సంస్థల మెదడు పరిశోధన నడిపే తీరు

కిడ్నీ జబ్బు ముదిరేకొద్దీ రక్తంలో పేరుకునే వ్యర్థాలు మెదడునీ వదలవు. ఈఈజీలో (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలు రికార్డు చేసే పరీక్ష) తరంగాలు నెమ్మదిస్తాయి, ధ్యాస నిలవదు, మతిమరుపు మొదలవుతుంది. ఉద్దానంలో దీన్ని తేల్చడం ఒక్క ఆసుపత్రితో అయ్యే పని కాదు. కవిటి, సోంపేట ఊళ్లలో తిరిగే బృందం ఒకటి, శ్రీకాకుళంలో ఒక వైద్య కళాశాల, నెల్లిమర్లలో ఇంకోటి, విశ్లేషణకు బెంగళూరులో ఒక ల్యాబ్ అనుకుందాం. ఇన్ని చోట్ల కొలిచినది ఒక్కచోట కొలిచినట్టు రావాలి. ప్రాజెక్టు మేనేజర్ అసలు ఉద్యోగం అదే. మీటింగులూ రిపోర్టులూ ఆ తర్వాత.

ముందు ఎవరిని ఎక్కడ చేర్చుకోవాలో తేల్చండి. రోగులంతా పలాసలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా విజయనగరంలో ఉంటే, కనబడిన తేడా జబ్బుదో మిషనుదో ఏ స్టాటిస్టీషియనూ విడదీయలేడు. సెంటర్ల తేడాను సరిచేసే కాంబాట్ లాంటి పద్ధతులూ అక్కడ చేతులెత్తేస్తాయి, మిషను తేడాతోపాటు జబ్బు తేడానీ తుడిచిపెడతాయి. ప్రతి సెంటర్లోనూ రెండు రకాలవాళ్లూ ఉండాలి, వయసూ చదువూ దగ్గరదగ్గరగా ఉండాలి. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు సెషన్ అయి ఎన్ని గంటలైందో తప్పక రాయించండి. సెషన్‌కి ముందు తీసిన ఈఈజీ, తర్వాత తీసినది ఒకేలా ఉండవు.

కొనుగోళ్ల దగ్గర చాలా ప్రాజెక్టులు బోల్తా కొడతాయి. ఏ సంస్థ టెండరు ఆ సంస్థ పిలుస్తుంది, ఎల్-వన్ (అందరికన్నా తక్కువ ధర చెప్పినవాళ్లు) ఎవరైతే వాళ్ల మిషనే దిగుతుంది. స్పెసిఫికేషన్ ఒక్కచోట రాసి అందరిచేతా అదే పెట్టించండి: 32 ఛానళ్లు, 500 హెర్ట్జ్ శాంప్లింగ్, ట్రిగ్గర్ (శబ్దం లాంటిది మొదలైన క్షణాన్ని రికార్డులో గుర్తుపెట్టే సంకేతం) ఇన్‌పుట్, ఫిల్టర్ చేయని డేటా ఈడీఎఫ్ (ఏ మిషను డేటానైనా దాచే ఉమ్మడి ఫార్మాట్) ఫైలుగా తీసుకునే వీలు. ఇప్పటికే వేర్వేరు మిషన్లుంటే, సిబ్బందిలోనే ఓ పదిమందిని అన్ని సెంటర్లకూ తిప్పి రికార్డు చేయించండి. బస్సు ఛార్జీలతో పోతుంది. చివర్లో ఆ డేటా కావాలంటే దొరకదు.

రికార్డింగ్ పద్ధతి గోడకి అంటించేలా రెండు పేజీల్లో ఉండాలి. ముందురోజు తలంటుకుని, నూనె రాయకుండా రమ్మనాలి. మన దగ్గర కొబ్బరినూనె లేని తల అరుదు. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగా పట్టదు, ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య విద్యుత్ అడ్డు) 5 కిలోఓమ్‌ల కిందికి దిగదు. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక గుబ్బ దాకా టేపుతో కొలవాలి. 36 సెంటీమీటర్లు వస్తే నుదుటి ఎలక్ట్రోడ్ ఎఫ్‌పీజెడ్ 3.6 దగ్గర, నడినెత్తి ఎలక్ట్రోడ్ సీజెడ్ 18 దగ్గర. రికార్డు చేసేటప్పుడు కరెంటు గోలను తీసేసే 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్ ఆపేయించండి. కరెంటు గోల కనబడితేనే ఎర్తింగ్ పోయిందనో, ఎలక్ట్రోడ్ ఊడిందనో తెలుస్తుంది. ఊళ్లో అయితే ల్యాప్‌టాప్‌ని ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపాలి, నెత్తిమీద ఫ్యాను ఆపాలి. ఇక్కడే చిక్కుంది: మే నెలలో ఫ్యాను ఆపితే చెమట పడుతుంది, చెమటకి సిగ్నల్ నెమ్మదిగా ఊగుతుంది. మనం వెతుకుతున్నది నెమ్మదించిన తరంగాలనే కాబట్టి ఈ మోసం ప్రమాదకరం. ఎండాకాలంలో ఉదయం తొమ్మిదిలోపే ముగించండి.

శబ్దాలు వినిపించి పీ300 (అరుదైన శబ్దం విన్నాక సుమారు 300 మిల్లీసెకన్లకు ఈఈజీలో లేచే అల) చూసే పరీక్ష ఉంటే బ్లూటూత్ స్పీకరు వద్దే వద్దు. దాని ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటొచ్చు, పైగా నిలకడగా ఉండదు, సగటు తీస్తే పీ300 చెదిరిపోతుంది. తీగ ఇయర్‌ఫోన్లే వాడాలి. ప్రతి సెంటర్లోనూ ఆ శబ్దాన్నే ఒక ఖాళీ ఛానల్లోకి ఎక్కించి, ట్రిగ్గర్‌కీ దానికీ మధ్య ఆలస్యం కొలవాలి. ల్యాప్‌టాప్ మారినప్పుడల్లా మళ్లీ కొలవాలి.

జ్ఞాపకశక్తి పరీక్షలకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) న్యూరో కాగ్నిటివ్ టూల్‌బాక్స్ తెలుగులో ఉంది. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లుంటారు కాబట్టి ఎన్ని భాషలు వచ్చో, ఇంట్లో ఏది మాట్లాడతారో రాయించండి. 2013లో అచ్చయిన హైదరాబాద్ అధ్యయనంలో, 648 మంది డిమెన్షియా రోగుల్లో, ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అంత ప్రభావం ఉన్న విషయాన్ని ఫారంలో వదిలేయకూడదు.

అనుమతుల సంగతి క్లుప్తంగా: ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఒక ఎథిక్స్ కమిటీ ఉమ్మడిగా సమీక్షించవచ్చు, అయినా స్థానిక విషయాలు ఏ సెంటర్ కమిటీ ఆ సెంటర్లో చూడాల్సిందే. వేలిముద్ర వేసేవాళ్లకు ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి కావాలి. మీరు డబ్బిచ్చి పెట్టుకున్న ఆశా కార్యకర్త అందుకు పనికిరారు.

ఇక డేటా. 20 నిమిషాల రికార్డు 16 బిట్లలో సుమారు 38 మెగాబైట్లే, ఊరి నుంచి ఫోన్ నెట్‌తో అదేరోజు పంపొచ్చు. కానీ ఈడీఎఫ్ ఫైలు మొదట్లో రోగి వివరాలకని 80 అక్షరాల చోటుంది. ఫైలు పేరు మార్చినంత మాత్రాన అక్కడున్న మనిషి పేరు చెరగదు, పంపేముందు చెరిపించాలి. పేరు బదులు మనిషికి ఇచ్చే కోడ్‌లో గీత పెట్టకండి. ‘ఎస్‌కేఎల్0147’ సరే, ‘ఎస్‌కేఎల్-0147’ అయితే బిడ్స్ (మెదడు డేటా ఫైళ్లకు పేర్లు, అమరిక నిర్ణయించే ప్రమాణం) తనిఖీ తిప్పికొడుతుంది, అక్కడ గీతకి వేరే పని ఉంది. ఉత్త అంకెలు ఇస్తే ఎక్సెల్ ముందు సున్నాని మింగేస్తుంది. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు చెడిందో లేదో పట్టిచ్చే అంకె) తీసి, ఒక ప్రతిని జిల్లా బయట ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది.

క్యాలెండరు జీడితోటలనీ వరికోతలనీ చూసి వేయండి. కోతల్లో ఎవరూ రారు. చేపల వేటకు గుజరాత్ వెళ్లేవాళ్లకు రెండో విడత పరీక్ష తేదీని వాళ్లు తిరిగొచ్చే నెలకు పెట్టాలి, ఇంట్లోవాళ్ల నంబరు కూడా తీసుకోవాలి.

ఏ సెంటర్ యూసీ (ఇచ్చిన డబ్బు ఖర్చయిన తీరు చూపే వినియోగ ధ్రువపత్రం) ఆలస్యమైనా అక్కడి ఫీల్డ్ సిబ్బంది జీతం ఆగుతుంది, శిక్షణ పొందినవాళ్లు మానేస్తారు, కొత్త చేతులతో కొలత మారుతుంది. మార్చి దాటకుండా యూసీల వెంట పడండి. అచ్చయ్యే పరిశోధన పేపర్ మీద రచయితల పేర్ల క్రమం మొదటి రికార్డు తీయకముందే రాసి సంతకాలు పెట్టించండి. ఫలితాలొచ్చాక ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు.