ఇంట్లో వాయిద్యం తీసే ముందు: కుక్కో పిల్లో ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

విశాఖ కళాభారతి ఆడిటోరియంలో కచేరీకి ఇష్టమున్నవాళ్లే వస్తారు. ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో మీ సాధన వినే కుక్కకి ఆ వీలు లేదు కదా.

• గది తలుపు తీసి ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కుక్క సుమారు 45,000 దాకా, పిల్లి 60,000 పైదాకా వింటాయి. వయొలిన్ తారస్థాయిలో మనకు అందని కీచు కూడా వాటికి తగులుతుంది. నచ్చకపోతే లేచిపోయే దారి ఉండాలి.

• బాల్కనీ తలుపు మాత్రం వేసెయ్యండి. సముద్రపు గాలి పోతే పోయింది, ఫ్యాన్ వేసుకోండి. డప్పు మొదటి దెబ్బకు బెదిరిన పిల్లి ఎటు దూకుతుందో చెప్పలేం.

• మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద పెడితే, సాధన కాగానే తీసి తుడిచెయ్యండి. తోలూ రవ్వా ఒకేచోట దొరికితే ఏ కుక్క ఊరుకుంటుంది? వయొలిన్ కమానుకి రాసే రోజిన్ బిళ్ల కూడా పెట్టెలోకే.

• కుక్క ఊళ పెట్టగానే బాధ అనుకోకండి. సాగే స్వరానికి గొంతు కలుపుతుండొచ్చు. చెవులు వెనక్కి, తోక కాళ్ల మధ్యకి, నిద్ర రాకుండానే ఆవులింతలు: ఇవి కనిపిస్తే ఆపెయ్యండి. బలవంతంగా పక్కన కూర్చోబెట్టి అలవాటు చేద్దామనుకోవద్దు.

• అక్వేరియం ఉన్న బల్ల మీద స్పీకర్ వద్దు. చేపలు ప్రకంపనల్ని ఒంటితోనే పసిగడతాయి.

• లవ్ బర్డ్స్ పంజరం పక్క గదికి. రామచిలుక అంటారా, దాన్ని పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.