మందు కొట్టిన గట్టు పచ్చగా ఉన్నా మేత కాదు: ఉభాలకు (వరి నాట్లకు) ముందు పశువుల యజమానులకు జాగ్రత్తలు

నాగావళి నది పక్కన ఒక ఊరిలో ఇటీవల గట్టు మేసి వచ్చిన మేకలు కొన్ని రోజుల వ్యవధిలో ఒక్కొక్కటిగా రొప్పుతూ చనిపోయాయి. ఆ గట్టు మీద కలుపు మందు కొట్టి, ట్యాంకులో మిగిలిన నీళ్ళు కూడా అక్కడే పారబోసిన సంగతి కాపరికి ఎవరూ చెప్పలేదు. ఆరుద్ర కార్తె వానలకు ఆకుమళ్ళు లేచి, ఉభాలకు ముందు గట్లు బాగుచేసుకునే రోజులివి. చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ గురించి అందరికీ తెలుసు కనుక పశువుల సంగతి మాత్రమే రాస్తున్నాను.

ఇళ్ళకు ఇళ్ళు నష్టపోయేలా చేసిన తప్పు నేను చూసినది ఒక్కటే: గడ్డి ఇంకా పచ్చగానే ఉంది కదా అని మందు కొట్టిన గట్టు మీద పశువును మేపడం, లేదా ఆ గడ్డి కోసి శాలకు తేవడం. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టిన గడ్డి పసుపు రంగుకు తిరగడానికి నాలుగైదు రోజుల నుంచి వారం పైగా పడుతుంది. పారాక్వాట్ అనే మరో కలుపు మందు ఎండలో త్వరగా మాడుస్తుంది గాని, సాయంత్రం కొడితే ఆ రాత్రి గడ్డి మామూలుగానే కనిపిస్తుంది. కంటికి పచ్చగా కనిపించే ఆ రోజుల్లోనే ఆకు మీద మందు ఎక్కువగా ఉంటుంది.

లోపల జరిగేది తెలిస్తే ఈ మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నానో అర్థమవుతుంది. పారాక్వాట్ కణంలోకి చేరి అక్కడి ఎలక్ట్రానును తీసుకుని ఆక్సిజన్‌కు అందిస్తుంది. దానివల్ల సూపరాక్సైడ్ అనే విధ్వంసక రూపం పుడుతుంది, మందు మాత్రం మళ్ళీ మొదటి స్థితికి వచ్చి అదే పని తిరిగి మొదలుపెడుతుంది. కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ కరిగిపోయి, కణపు పొరల్లోని కొవ్వు చెడి, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తులు ఈ మందును తమంతట తామే లోపలికి లాక్కుంటాయి కనుక అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయేవి అవే. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. గ్లైఫోసేట్, అట్రజిన్ అనే ఇంకో కలుపు మందు ఇచ్చిన ఎలుకల్లోనూ కాలేయంలో, మూత్రపిండాల్లో ఇదే తరహా ఆక్సీకరణ నష్టం పరిశోధనల్లో కనిపించింది. ప్రయోగశాల మోతాదులు పొలంలోని వాటికంటే తరచూ ఎక్కువేనన్నది నిజమే, కానీ ఒకే గట్టును రోజూ మేసే పశువుకు ఆ తేడా చూసి ధైర్యం చెప్పుకోలేము. డబ్బా మీది ఆకుపచ్చ త్రికోణం ఒక్కసారి తిన్నప్పటి ప్రమాదం తక్కువని మాత్రమే చెబుతుంది, రోజూ కొంచెం కొంచెంగా లోపలికి పోతే ఏమవుతుందో చెప్పదు.

2,4-డి అనే కలుపు మందు సంగతి వేరు. అది పడిన కొన్ని కలుపు మొక్కల్లో నైట్రేట్ పెరుగుతుంది, పశువులు మామూలుగా ముట్టని మొక్కలు కూడా వాటికి రుచిస్తాయి. నెమరువేసే పశువు కడుపులో ఆ నైట్రేట్ నైట్రైట్‌గా మారి, రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి తెస్తుంది. వాడిపోయిన కలుపు ప్రమాదం లేనిదనుకోవడం కూడా అందుకే తప్పు. కుక్క మూత్రపిండాలు 2,4-డిని త్వరగా బయటికి పంపలేవు, కుక్కను పొలానికి తీసుకువెళ్ళకండి.

వరి కోసిన మడిలో దున్నకుండా మొక్కజొన్న వేసేవారు పారాక్వాట్, అట్రజిన్ కలిపి కొట్టే రోజుల్లోనే ఊరి పశువులన్నీ కోత మడుల్లో విడిగా తిరుగుతుంటాయి. కొట్టే ముందు రోజే కాపరికి, పక్క రైతుకు నోటితో చెప్పాలి, కర్రకు ఎర్ర గుడ్డ కట్టాలి. లేబుల్ మీద మేతకు గడువు రాసి ఉంటే దాన్ని పాటించండి. రాయకపోతే ఆ పంట కాలమంతా ఆ గట్టు మేపవద్దు.

గట్టు పచ్చగా ఉన్నా మేపవద్దు. ట్యాంకును గెడ్డలో (వాగులో), చెరువులో, పశువులు తాగే గుంటలో కడగవద్దు. బుటాక్లోర్ కలుపు మందు వేసిన మడి నీటిని చేపల చెరువులోకి వదలవద్దు. ఖాళీ డబ్బాలో కుడితి కలపవద్దు, దానికి రంధ్రాలు పొడిచి పూడ్చండి. మందు కలిపిన బకెట్టు మళ్ళీ శాల గడప తొక్కకూడదు. కొట్టిన మడిలో బాతులను వదలవద్దు. పొరుగు వారి గట్టు గడ్డి కోసే ముందు అడగండి, జవాబు తెలియకపోతే కోయవద్దు. పశువు నోట్లో పుండ్లు, చొంగ, మేత మానడం, పారుడు కనిపిస్తే రేపటిదాకా ఆగవద్దు, ఎందుకంటే నిలబడి నెమరేస్తున్న పశువుకు కూడా పారాక్వాట్ వల్ల ఊపిరి కష్టం రోజుల తర్వాత మొదలవుతుంది. నాటు మందు పోయవద్దు, వాంతి చేయించవద్దు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. మందు డబ్బాను పారేయకుండా పశువైద్యుడి చేతికి ఇవ్వండి, ఎందుకంటే కొన్ని పురుగు మందుల విషానికి ఇచ్చే అట్రోపిన్ ఈ కలుపు మందులకు విరుగుడు కాదు, ఏ మందో తెలిస్తేనే ఆయన బొగ్గు పొడి వంటివి వేళకు పట్టించగలరు.