హైడ్రాలిక్ ఫిక్చర్ లైన్‌లో గాలి తీయడం ఎలా

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న మెషిన్ షాపుల్లో కొత్త హైడ్రాలిక్ ఫిక్చర్ (ఆయిల్ ప్రెషర్‌తో జాబ్‌ని, అంటే కోసే ముక్కని, పట్టి ఉంచే సాధనం) ఎక్కించిన రోజు చాలామంది ఏం చేస్తరంటే, హోస్ కలిపి, పవర్ ప్యాక్ (పంపూ ఆయిల్ ట్యాంకూ ఉన్న యూనిట్) ఆన్ చేసి, క్లాంప్ అన్‌క్లాంప్ ఓ ఇరవై సార్లు కొట్టి, గాలి అదే పోతదిలే అని జాబ్ పెట్టేస్తరు. పోదండీ. ఎందుకు పోదో ముందు చెప్తా, అది అర్థమైతే సగం పని అయినట్టే.

స్ప్రింగ్‌తో వెనక్కొచ్చే సింగిల్ యాక్టింగ్ స్వింగ్ క్లాంప్ (చెయ్యి తిరిగొచ్చి జాబ్‌ని పైనుంచి నొక్కేది) తీసుకోండి, దానికి లైన్ ఒక్కటే, ఆయిల్ పోయిన దారినే తిరిగి రావాలె. 6 ఎంఎం బోర్ హోస్ 3 మీటర్లు ఉందంటే లోపల దాదాపు 85 సీసీ ఆయిల్ పడ్తది. క్లాంప్ ఒక్కోటి 8 సీసీ తాగుతదనుకుందాం, రెండు క్లాంపులకు 16. అంటే ప్రతి స్ట్రోక్‌కీ ఆ 16 సీసీనే ముందుకీ వెనక్కీ ఊగుతుంటది తప్ప క్లాంప్ దగ్గరున్న గాలి ట్యాంక్ దాకా రాదు, రెండొందల సార్లు కొట్టినా అంతే. చివర ఉన్న ప్లగ్ వదులు చేసి బయటికి పంపాల్సిందే.

70 బార్‌లో ఆయిల్ అర శాతం కూడా నలగదు, గాలి మాత్రం డెబ్బయ్యో వంతుకు నలుగుతది. అందుకే క్లాంప్ కుదుపుల్తో కదుల్తది, జాబ్‌ని కింది నుంచి ఆనించే వర్క్ సపోర్ట్ లాక్ కావడం లేటయితది. పోయినేడు ఒక షాపులో అల్యూమినియం హౌసింగ్ బోర్ ఓవల్ వస్తుంటే టూల్ మార్చినం, స్పిండిల్ మీద అనుమానపడ్డం, రెండు రోజులు పోయినయ్. ఆఖరికి జాబ్ మీద డయల్ గేజ్ (సన్నని కదలిక చూపే ముల్లు గేజ్) పెట్టి చూస్తే క్లాంప్ పట్టేసినంక కూడా ముల్లు నాలుగైదు సెకన్లు మెల్లగా జరుగుతూనే ఉంది, అందరికంటే దూరంగా ఉన్న వర్క్ సపోర్ట్ ప్లగ్ వదిలితే తుస్సుమని తెల్ల నురగ వచ్చింది.

ఇక సెటప్. పైపు కోసినంక అంచు బర్ర్ పూర్తిగా తీసి, లోపల కడిగి, గాలి కొట్టాకే బిగించండి. దారాల మీద టెఫ్లాన్ టేప్ వద్దు, దాని పోగులు ఊడి వాల్వ్‌లో ఇరుక్కుంటయ్. సమాంతర బీఎస్పీ (బ్రిటిష్ పైపు కొలత) దారాలకు డౌటీ వాషర్ (లోపల రబ్బరు అంచున్న మెటల్ వాషర్) చాలు, రాణిగంజ్‌లో ఏ సైజైనా దొరుకుతది. హోస్‌ని వంతెన లెక్క పైకి ఎత్తి దింపొద్దు, ఆ మలుపులో గాలి కూర్చుంటది. ఆయిల్ మాన్యువల్‌లో రాసిందే, ఎక్కువగా వీజీ 32 (ఆయిల్ చిక్కదనం గ్రేడ్) ఉంటది, ఫిల్టర్ పెట్టి పోసి కాసేపు తేరుకోనివ్వండి.

గాలి తీసేటప్పుడు ప్రెషర్ 10–20 బార్‌కి తగ్గించండి, అక్యుములేటర్ (ప్రెషర్ నిల్వ ఉంచే సీసా) ఉంటే ముందు దాని ప్రెషర్ ఖాళీ చేయండి, కళ్ళద్దాలు తప్పనిసరి. అన్నిటికంటే దూరంగా, ఎత్తుగా ఉన్న ప్లగ్‌తో మొదలుపెట్టి, బనియన్ గుడ్డ అడ్డం పెట్టి అర చుట్టు వదలండి, మొత్తం ఊడదీయొద్దు. ముందు తుస్సు, తర్వాత నురగ, తర్వాత బుడగలతో ఆయిల్, ఆఖరికి గాజులాంటి ఆయిల్ వస్తది, అప్పుడు బిగించండి. ఇక్కడే అందరూ తప్పు చేసేది: ప్లగ్ బిగించినంకనే ప్రెషర్ వదలాలె, తెరిచుండగా పంప్ ఆపితే స్ప్రింగ్ పిస్టన్‌ని వెనక్కి లాగేటప్పుడు బయటి గాలి లోపలికి పోతది, చేసిందంతా మళ్ళీ మొదటికొస్తది. డబుల్ యాక్టింగ్ (రెండు వైపులా ఆయిల్‌తోనే కదిలేది) అయితే రెండు వైపులా విడివిడిగా చేయాలె. మధ్యమధ్యలో ట్యాంక్ మీది లెవెల్ గ్లాస్ చూస్తుండండి, ట్యాంక్ తగ్గితే పంపే గాలి మింగుతది.

ఎంత తీసినా నురగ ఆగట్లేదంటే సక్షన్ జాయింట్ (ట్యాంక్ నుంచి పంప్‌కి ఆయిల్ లాగే పైపు జాయింట్) చూడండి, దాని చుట్టూ గ్రీజు పూస్తే పంప్ గరగర తగ్గిందా, దొరికినట్టే. ఆయిల్ పాలలెక్క ఉంటే గ్లాసులో పోసి పెట్టండి, గాలైతే కింది నుంచి తేటపడ్తది, నీళ్ళయితే అడుగున చేరతయ్.

లీక్‌ని వేలితో మాత్రం వెతకొద్దు, అట్ట ముక్క పెట్టి చూడండి. సన్నని ఆయిల్ ధార చర్మంలోకి దూరితే సూది గుచ్చినంత చుక్కే కనపడ్తది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, కానీ లోపల చెయ్యి పాడయితది. బస్తీ డాక్టర్ దగ్గర టీటీ వేయించుకుని ఊరుకోవద్దు, వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పోయి హైడ్రాలిక్ ఆయిల్ ఎక్కిందని చెప్పండి.

అంతా బిగించాక ప్రెషర్ మెల్లమెల్లగా పనిచేసే ప్రెషర్‌కి పెంచి, పంప్ ఆపి పది నిమిషాలు గేజ్ చూడండి, ముల్లు దిగుతుంటే ఎక్కడో లీకే. మర్నాడు పొద్దున ఫస్ట్ జాబ్ పెట్టకముందు ఎత్తు మీదున్న ప్లగ్ ఇంకోసారి వదలండి, రాత్రంతా మిగిలిన చిన్న బుడగలన్నీ అక్కడికే చేరుంటయ్.