విశాఖ ఉక్కపోతలో కసరత్తు బట్టలు: సమస్య - పరిష్కారం

మే నెలలో విశాఖ థర్మామీటరుని నమ్మితే మోసపోతాం. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే రోజున కూడా ఇక్కడ 35, 36 దగ్గరే ఆగుతుంది. అయినా ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర పరుగు మొదలుపెట్టినవాడు సబ్‌మెరైన్ మ్యూజియం దాటేసరికి టీషర్టు పిండితే నీళ్ళు కారతాయి. అక్కడిది ఎండ, ఇక్కడిది ఉక్క. రెండింటికీ ఒకటే బట్ట పనికిరాదు.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని ఒంట్లోంచి పట్టుకుపోతుంది. అదే చెమట గడ్డం మీంచి కారి నేల మీద పడితే ఆ లాభమేమీ లేదు. గాలిలో ముందే తేమ నిండి ఉండటంతో మన ఊళ్ళో చెమట ఆరడానికి మొరాయిస్తుంది. కాబట్టి కింద చెప్పే ప్రతి ఇబ్బందికీ నేను అడిగే ప్రశ్నలు రెండే: ఈ బట్టలోంచి గాలి ఆడుతోందా? ఇది తొందరగా ఆరుతోందా? బ్రాండు సంగతి తర్వాత.

పది నిమిషాలకే టీషర్టు తడిసి ఒంటికి అతుక్కుపోతోంది

దాదాపు ఎప్పుడూ కారణం నూలు బట్టే. "కాటనే ఏసుకోరా, ఒంటికి సల్లగుంటాది" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. కుర్చీలో కూర్చున్నవాడికి ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. పరిగెత్తేవాడికి కాదు. నూలు పోగు నీటిని తన లోపలికే పీల్చుకుంటుంది. 65 శాతం తేమ ఉన్న మామూలు గాలిలో ఉంచినా అది తన బరువులో 8.5 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. చెమటకి తడిసిన నూలు పోగులు ఉబ్బి, మధ్యనున్న సందులు మూసుకుపోతాయి. ఇక గాలి ఎక్కడాడుతుంది? నమ్మకం కుదరకపోతే పరుగుకి ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి టీషర్టుని వంటింటి కాటా మీద తూచండి. ఆ తేడా అంతా మీరు మోసుకుతిరిగిన చెమటే.

దాని కింద బనియన్ కూడా ఉంటే రెండింతల కష్టం. మనలో చాలామందికి బనియన్ లేకుండా గుమ్మం దాటడం ఏదోలా ఉంటుంది. వ్యాయామానికి మాత్రం ఆ మొహమాటం వదలాల్సిందే.

బదులుగా పల్చటి పాలిస్టర్ అల్లిక టీషర్టు తీసుకోండి. మన దగ్గర అందరూ దాన్ని 'డ్రైఫిట్' అంటారు. అసలది నైకీ వాళ్ళ పేరు, ఇప్పుడు తిరుప్పూర్ నుంచి వచ్చే ప్రతి ఆట చొక్కాకీ అదే పేరైపోయింది. అట్ట మీద జీఎస్ఎం అని ఒక అంకె ఉంటుంది, చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేది. 120 నుంచి 150 లోపు ఉంటే మన ఊరికి సరిపోతుంది. 180 పైబడితే పక్కన పెట్టేయండి. అంకె రాయలేదా? బట్టని పెదాలకి ఆనించి ఊదండి. ఊపిరి అవతల అరచేతికి తగిలితే మంచిదే, బుగ్గలు ఉబ్బుతుంటే వద్దు. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

డ్రైఫిట్ కొన్నా ఉడికిపోతోంది

నా మొదటి తప్పు ఇదే. అద్దంలో బాగుంటానని బిగుతుగా, నిండు చేతులతో, నల్లటిది ఒకటి కొన్నాను. పాలిస్టర్ అని ఉన్నంత మాత్రాన చాలదు. అల్లిక దట్టంగా ఉంటే అది రెయిన్‌కోటుకి తమ్ముడు. పైగా బట్ట చర్మానికి అతుక్కుంటే మధ్యలో గాలి కదిలే దారే ఉండదు. ఒక సైజు వదులుగా, చంకల్లోనూ వీపు మీదా జాలీ అల్లిక ఉన్నది ఎంచుకోండి. పరిగెడుతుంటే చొక్కా టపటపా కొట్టుకోవాలి, అప్పుడే లోపలి వేడి గాలి బయటికి పోతుంది. ఆ లెక్కన లుంగీని మించిన కసరత్తు బట్ట లేదు, పరిగెత్తడమే కష్టం.

కొన్నిసార్లు తప్పు బట్టది కాదు, వేళది. తెల్లవారుజామున ఎండ ఉండదు నిజమే, కానీ రోజు మొత్తంలో గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది అప్పుడే. సముద్రపు గాలి పొద్దెక్కాక గానీ అందుకోదు. గాలి స్తంభించిన ఉదయం ఐదింటికి ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) గ్రౌండ్‌లో ఎంత మంచి చొక్కా వేసినా చెమట ఆరదు. ఆ రోజుల్లో వేగం తగ్గించండి, లేదా సాయంత్రం ఎండ దిగాక గాలికి ఎదురుగా బీచ్ రోడ్డు పట్టండి. జిమ్‌లో అయితే ఏసీ కంటే ఫ్యాను కింద చోటు చూసుకోవడం తెలివి.

నలుపు సంగతి: ఎండ పడనంతవరకు రంగుతో పేచీ లేదు. పొద్దున ఏడు దాటాక కైలాసగిరి మెట్లెక్కేవాళ్ళు మాత్రం లేత రంగులు వేసుకుంటే మంచిది.

ఉతికినా వాసన పోవట్లేదు

ఆరినప్పుడు ఏమీ ఉండదు. వేసుకుని నాలుగడుగులు పరిగెత్తి ఒళ్ళు వేడెక్కగానే పాత చెమట కంపు లేస్తుంది. ఇది పాలిస్టర్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. అది నీటిని వదిలేస్తుంది గానీ ఒంటి జిడ్డుని పట్టుకుంటుంది. ఆ జిడ్డు తిని మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా పెరుగుతుంది, వాసన దానిదే. మనమేమో వాసన పోవాలని సబ్బు పొడి రెట్టింపు వేస్తాం, ఆఖరి నీళ్ళలో సువాసన కండిషనర్ కలుపుతాం. ఆ కండిషనర్ పోగుల మీద పొరలా పేరుకుంటుంది. దాంతో చెమటని పైకి లాగి ఆరనిచ్చే గుణం పోతుంది, వాసన మాత్రం లోపల భద్రంగా ఉంటుంది.

ముందు కండిషనర్ మానేయండి. అరబకెట్ నీళ్ళలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి చొక్కాని అరగంట నానబెట్టి, తిరగేసి మామూలుగా ఉతకండి. ఒంటికి తగిలే వైపు పైకి రావాలి. వెనిగర్‌ని బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తడి బట్టలు బ్యాగులో కుక్కి బండి డిక్కీలో సాయంత్రం దాకా వదిలేయకండి. వెంటనే ఉతకడం కుదరకపోతే కనీసం నీళ్ళలో జాడించి దండెం మీద వేయండి.

తొడలు ఒరుసుకుని మంట, చొక్కా మీద రక్తపు చుక్కలు

సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచినవాళ్ళని అడగండి, తొడల మంట ఏమిటో కథలు కథలుగా చెబుతారు. తడి చర్మం మెత్తబడుతుంది, దాని మీద ఎండిన చెమట ఉప్పు ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. మామూలు నూలు డ్రాయరు అంచు కుట్టు అక్కడే రాసుకుంటుంది.

దీనికి మందు తొడ సగం దాకా వచ్చే బిగుతైన లోపలి షార్ట్స్. పైన వదులు మంచిదన్నవాణ్ణి ఇక్కడ బిగుతు అంటున్నాను, ఎందుకంటే ఇక్కడ చర్మానికీ చర్మానికీ మధ్య అడ్డు కావాలి. నైలాన్‌లో కొంచెం స్పాండెక్స్ అనే సాగుడు పోగు కలిసినది తీసుకోండి, కుట్లు ఉబ్బెత్తుగా కాకుండా చదునుగా ఉండాలి. వేలితో తడిమితే తెలిసిపోతుంది. పరుగుకి ముందు తొడల మధ్య, చంకల్లో కాస్త వ్యాజిలిన్ రాయండి. కొబ్బరినూనె కంటే ఇది ఎక్కువసేపు నిలుస్తుంది.

చొక్కా మీద రెండు ఎర్రటి చుక్కలు కనిపించి కంగారుపడేవాళ్ళున్నారు. అవి చనుమొనల దగ్గర రాపిడివి. దూరం పరిగెత్తేవాళ్ళకి మామూలే. పరుగుకి ముందు అక్కడ చిన్న ప్లాస్టర్ ముక్క అంటిస్తే సరి. చొక్కా ముందువైపు దళసరి రబ్బరు అచ్చు బొమ్మ ఉంటే అలాంటిది కొనకండి. ఆ బొమ్మ కింద గాలీ ఆడదు, రాపిడీ తగ్గదు.

గజ్జల్లో దురద, గుండ్రటి మచ్చ

ఇది బట్ట మార్చినంతలో పోయేది కాదు. అంచు ఎర్రగా, గుండ్రంగా పాకుతుంటే అది తామర, అంటే ఫంగస్. తడి లోదుస్తులతో జిమ్ నుంచి నేరుగా టిఫిన్ సెంటర్‌కి వెళ్ళి, అక్కడ కబుర్లలో పడి, గంట తర్వాత ఇల్లు చేరే మన అలవాటే దానికి ఎరువు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే మిశ్రమ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులకి దురద తగ్గుతుంది, మచ్చ మాత్రం చాటుగా పాకుతూనే ఉంటుంది. మన దేశంలో తామర మొండికెత్తడానికి ఈ క్రీములు పెద్ద కారణమని చర్మవైద్యులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. కాబట్టి సొంత వైద్యం వద్దు, డాక్టర్‌కి చూపించండి. మీ వంతుగా వ్యాయామం అవగానే లోదుస్తులు మార్చండి, గజ్జలు పొడిగా తుడుచుకోండి, తువ్వాలు ఎవరితోనూ పంచుకోకండి. పొక్కులు సన్నగా, వీపు మీదో మెడ మీదో ఉంటే అవి చెమటకాయలు. వదులు బట్ట, చల్లటి స్నానం చాలు.

ట్రాక్ ప్యాంటు మోకాళ్ళకి అంటుకుంటోంది

షాపుల్లో 'ఫోర్ వే లైక్రా' అని అమ్మే దళసరి ప్యాంట్లు చలికాలం అరకుకి బాగుంటాయి. ఇక్కడ మోకాలిపైన ఆగే, పక్కల చీలిక ఉన్న పల్చటి షార్ట్స్ వేసుకోండి. నడుం దగ్గర ఎలాస్టిక్‌తో పాటు లోపల నాడా ఉండాలి, లేకపోతే జేబులో ఫోను బరువుకి జారుతుంది. పొట్టి నిక్కరుతో బీచ్ రోడ్డు మీద నడవడానికి సిగ్గనిపించే పెద్దవాళ్ళకి, అంతే పల్చటి బట్టతో వదులు ప్యాంట్లు దొరుకుతాయి.

చెమట మరకలు కనబడి ఇబ్బందిగా ఉంది

బూడిద రంగు మానేయండి. తడి అన్నిటికన్నా ఎక్కువ కనబడేది దాని మీదే. తెలుపు, ముదురు నీలం, చిన్న చిన్న అచ్చులున్నవి తడిని దాస్తాయి. నల్ల చొక్కా మీద తెల్ల చారలు మిగిలితే అది చెమట ఉప్పు, జాడిస్తే పోతుంది.

చెమట బాగా పట్టాలని ప్లాస్టిక్ సూటు వేసుకున్నాను, కళ్ళు తిరిగాయి

దానికి మరమ్మతు లేదు, అవతల పారేయండి. అందులో తగ్గేది నీటి బరువు. ఒక సీసా నీళ్ళు తాగితే తిరిగొస్తుంది, కొవ్వు ఎక్కడిదక్కడే ఉంటుంది. చెమట ఆరే దారి పూర్తిగా మూసేస్తే ఒంటి వేడి పైకే పోతుంది. కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం మొదలైతే ఆపి, నీడకి చేరి, బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్ళు పోసుకోవాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అంబులెన్సుకి 108 కొట్టండి.

వానాకాలంలో బట్టలు ఆరట్లేదు

జూలై, ఆగస్టుల్లో ఎంవీపీ కాలనీ బాల్కనీలో వేసిన నూలు టీషర్టు మర్నాటికీ చెమ్మగానే ఉంటుంది, ముక్కిపోయిన వాసన కూడా వేస్తుంది. పల్చటి పాలిస్టర్ అయితే రాత్రి ఉతికి, పిండకుండా తువ్వాల్లో చుట్టి గట్టిగా నొక్కి, ఫ్యాను కింద హ్యాంగరుకి వేస్తే పొద్దున్నకి ఆరిపోతుంది. పిండితే సాగుడు పోగులు పాడవుతాయి, ఇస్త్రీ వేడి కూడా వాటికి పడదు. రోజూ వెళ్ళేవాడికి మూడు జతలు చాలు: ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి, వాన మరీ ముసురు పట్టిన రోజుకి బీరువాలో ఒకటి.